పదకొండు తుపాకుల కొలువు

పిల్లలూ! బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో మెట్లమీద బొమ్మలన్నీ పెద్దవాళ్ళవి. దశావతారాలూ, కొండపల్లి అంబారీ ఏనుగూ మీరు తాకబోతే చాలు, కేకలు వేస్తారు. మెట్లకింద నేల మాత్రం మీది. అక్కడ మట్టి పరిచి, ఆవాలు చల్లి మొలిపించి పొలం అంటారు. అద్దం ముక్క పెట్టి చెరువంటారు. చెరువు గట్టున ఒక బాతునూ, ఆ బాతుకంటె చిన్నదైన ఒక ఇంటినీ పెడతారు. ఇంటికంటె బాతు ఎట్లా పెద్దదయిందని ఎవరూ అడగరు. ఈ నెల చేతిపనిలో ఆ ప్రశ్న అడిగి మరీ ఒక కొలువు చేద్దాం.

ఇటువంటి దృశ్యాన్ని పాశ్చాత్యులు డయొరామా అంటారు. ఫ్రాన్సు దేశస్థుడు డాగెర్ 1822లో పారిస్ నగరంలో ఆ పేరుతో ఒక ప్రదర్శనశాల తెరిచాడు. పలచని గుడ్డమీద పెద్ద పెద్ద దృశ్యాలు చిత్రించి, వెలుగు ఒకసారి ముందునుంచీ ఒకసారి వెనకనుంచీ పడేట్టు చేస్తే, జనం చూస్తూండగానే పగలు రాత్రిగా మారిపోయేదట. తరవాత ఆయన ఫోటోలు తీసే పద్ధతి కనిపెట్టి అంతకంటె పెద్ద పేరు సంపాదించుకున్నాడు. ఇప్పుడు డయొరామా అంటే చిన్న బొమ్మ మనుషులతో కట్టిన దృశ్యం అనే అర్థం స్థిరపడింది.

మనకు కావలసిన మనుషులు బజారులోనే దొరుకుతారు. ఆటవస్తువుల దుకాణంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ సిపాయిల ప్యాకెట్టు మీరు చూసే ఉంటారు. ఇటువంటి సిపాయిలను పూర్వం సీసంతో పోసేవారు. ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీ 1893లో లోపల డొల్లగా ఉండే సీసపు సిపాయిలను తయారుచేసి చౌకగా అమ్మింది. వాటి ఎత్తు 54 మిల్లీమీటర్లు. సీసం విషం కనక ఇప్పుడు ప్లాస్టిక్ వచ్చింది కాని, ఆ ఎత్తు మాత్రం బొమ్మల వాళ్ళకు అలవాటుగా నిలిచిపోయింది. (పెద్దలకు ఒక మాట: తాతలనాటి సీసపు బొమ్మ ఇంట్లో ఉంటే పిల్లలచేత గీకించకండి.)

ఈ సిపాయి తలమీద ఇనపటోపీ ఉంటుంది, కాళ్ళకు బూట్లు, నడుముకు పట్టా, పట్టాకు సంచులు, చేతిలో తుపాకి. వాలకం చూస్తే రెండవ ప్రపంచ యుద్ధంనాటి అమెరికా వాడు. అతన్ని మన మన్యపు వీరుడిగా మార్చటమే ఈ నెల పని.

ముందు కథ తెలియాలి గదా. అరకులోయ ఉన్న కొండల వరసలోనే, నైరుతి దిక్కుగా పోతే పాడేరు, చింతపల్లి, గూడెం వస్తాయి. ఇదంతా విశాఖ మన్యం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చినప్పటినుంచీ ఆ కొండలమీద పోడు కొట్టుకుని బతికేవాళ్ళకు అడవిలో అడుగు పెట్టటమే నేరమయింది. ఆ పైన ఘాటు రోడ్లు వెయ్యటానికి చాలీచాలని కూలితో, దెబ్బలతో పని చేయించేవాళ్ళు. ఈ పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు మోసినవాడు. ఆ కొండల్లోకి సన్యాసిగా వచ్చిన అల్లూరి సీతారామరాజు, బట్టిపనుకుల మునసబుగా పనిచేసిన గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర మొదలైనవాళ్ళతో కలిసి, 1922 ఆగస్టు 22న సుమారు మూడువందలమందితో చింతపల్లి పోలీసు ఠాణామీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట ఠాణా, ఆ మర్నాడు రాజవొమ్మంగి ఠాణా. మూడు రోజుల్లో మూడు ఠాణాలు!

ఇందులో ఏ ఘట్టాన్ని బొమ్మ చెయ్యాలి? చాలామందికి యుద్ధమంటేనే ఇష్టం. ఉదాహరణకు 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన పోరు ఉన్నది. మన్యంవాళ్ళు పొదల్లో పొంచి ఉండి, ముందు నడిచే భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. మహా గొప్ప ఘట్టమే. కాని సరిగా చేస్తే అందులో మన్యంవాడు ఒక్కడు కూడా కంటపడకూడదు! కంటబడితే వాళ్ళు గెలిచి ఉండేవాళ్ళు కాదు. వట్టి చెట్లు చేసి ఇదే రంప విప్లవం అంటే మీ స్నేహితులు నవ్వుతారు.

అందుకని నేను చింతపల్లి ఠాణానే ఎంచుకుంటాను. అక్కడ రాజు ఒక చిత్రమైన పని చేశాడు. ఠాణాలోని రికార్డులు చింపేశారు, ఆయుధాలు తీసుకున్నారు. ఆ తరవాత ఏమేమి తీసుకున్నదీ ఠాణా పుస్తకంలోనే రాసి, ఆయన కింద సంతకం చేశాడు. పోలీసు జవానుల ప్రాణాలు తియ్యలేదు. దొంగ ఎక్కడైనా రసీదు ఇస్తాడా? నేను దొంగను కాను అని సర్కారు పుస్తకంలోనే రాసి పెట్టటం అది. బల్ల, పుస్తకం, రాసే మనిషి, చుట్టూ నిలబడి చూసేవాళ్ళు. ఇదే మన కొలువు.

ఇక బాతూ ఇల్లూ సంగతి. బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. దాన్ని 32తో హెచ్చవెయ్యండి. 1728 మిల్లీమీటర్లు, అంటే అయిదడుగుల ఎనిమిదంగుళాలు. మంచి పొడగరి అన్నమాట. కనక మన కొలువులో ప్రతి వస్తువూ అసలు దానిలో 32వ వంతు ఉండాలి. కొన్ని ప్యాకెట్లలో సిపాయిలు కాస్త పొట్టిగా ఉంటారు. ముందు స్కేలు పెట్టి కొలుచుకోండి. రెండున్నర అడుగుల బల్ల 24 మిల్లీమీటర్లు, ఆరడుగుల గుమ్మం 57 మిల్లీమీటర్లు, నలభై అడుగుల వెదురు పదిహేను అంగుళాలు. అమ్మ కొన్న ఏటికొప్పాక లక్కపిడతల్లో అంగుళం ఎత్తు కుండ ఉంటే అది ఈ లోకంలో ముప్పైరెండు అంగుళాల గాబు అవుతుంది. నీళ్ళు తాగే చెంబనుకుని బల్లమీద పెట్టారంటే మళ్ళీ బాతు కథే.

ఇక్కడ ఒక తమాషా లెక్క ఉన్నది. ఎత్తు 32వ వంతయితే బరువు కూడా 32వ వంతే అనుకుంటారు. కాదు. మనిషికి పొడవూ, వెడల్పూ, మందమూ మూడూ ఉన్నాయి గదా! మూడూ తగ్గుతాయి. 32ను 32తో, మళ్ళీ 32తో హెచ్చవేస్తే 32,768. అరవై కిలోల మనిషి అన్నివంతుల్లో ఒక వంతు, అంటే రెండు గ్రాములకు లోపు. ఆ బొమ్మ గాలికి ఎందుకు పడిపోతుందో ఇప్పుడు తెలిసిందా? అందుకే అడుగున సూది గుచ్చి నేలలో నాటాలి.

మార్పు మొదలుపెడదాం. కొత్తగా ఈ పని చేసేవాళ్ళు ఏమి అతికించాలా అని ఆలోచిస్తారు. నా సలహా వేరు. మొదట ఏమి తీసెయ్యాలో చూడండి. కత్తి పని, వేణ్ణీళ్ళ పని నాన్నగారో, అన్నయ్యో దగ్గర కూచుని చెయ్యాలి. ఈ ప్లాస్టిక్ జారుడు స్వభావం కలది, బ్లేడు జారి వేలిమీదికి వస్తుంది. బొమ్మను చేత్తో పట్టుకోక, చెక్కకు ఆనించి, బ్లేడు మీనుంచి అవతలికి పోయేట్టు కొయ్యండి.

ముందు ఇనపటోపీ. దాన్ని చెక్కేస్తే గుండ్రని తల మిగులుతుంది. పలచని కాగితపు రుమాలును ఫెవికాల్ నీళ్ళలో తడిపి, సన్నని పేలికలుగా చించి చుట్టండి. తలగుడ్డ తయారు. అందరికీ ఒకేలా చుట్టకండి; ఒకరికి ముడి వెనక, ఒకరికి పక్కన, ఇద్దరికి అసలు తలగుడ్డే లేక జుట్టు ముడి మాత్రం. తరవాత బూట్లు. ఇవి కొయ్యటం విసుగు. మడమ ఎత్తు చెక్కి, ముందు భాగం పలచగా చేసి, పాదం చేసెయ్యాలి. వేళ్ళు చెక్కనక్కరలేదు, ఎందుకో రంగుల దగ్గర చెబుతాను. తరవాత పంట్లాము ముడతలు. మోకాలినుంచి కిందికి గీకి, గరుకు కాగితంతో రుద్ది, వట్టి కాళ్ళు చెయ్యండి. మోకాలి పైన గోచీకి, పంచెకు మళ్ళీ తడికాగితమే.

నడుము పట్టానుంచి వేలాడే నీళ్ళ సీసాను మాత్రం కొయ్యకండి. దానిమీద కాస్త మక్కు పెట్టి, అడుగున లావుగా, పైన సన్నగా దిద్దితే ఆనపకాయ బుర్ర అవుతుంది. కొండమీద నీళ్ళకూ అంబలికీ అదే సీసా. వీపున ఉన్న మూటను గుండ్రంగా దిద్దితే చుట్టిన గొంగళి. ఆగస్టు నెల కనక ఒకరిద్దరి వీపున వానకు గిడుగు కప్పండి. ఎండిన ఆకు ముక్క చాలు.

మక్కు అంటే ఏమిటంటారా? కొండపల్లి బొమ్మలవాళ్ళు తెల్లపొణికి కర్రతో చేతులు వేరే, కాళ్ళు వేరే, తొండం వేరే చెక్కి అతికిస్తారు. ఆ అతుక్కి వాళ్ళు వాడేది చింతగింజల పొడి ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. అదే మక్కు. వెన్నలాగా వేలికి లొంగుతుంది, ఆరితే కర్రలాగా ఉంటుంది. కొట్లో దొరికే ఎం-సీల్ కూడా పనికివస్తుంది కాని, అది ముట్టుకుంటే చేతులు వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. మక్కు కర్రను పట్టినంతగా ప్లాస్టిక్కును పట్టదు. కాబట్టి పెట్టే చోట ముందు కుట్టుదారం నాలుగు చుట్లు చుట్టండి. దారాన్ని అది పట్టుకుంటుంది.

చెయ్యి వంగాలంటే గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి, బొమ్మను పట్టకారుతో పట్టి ఒక నిమిషం ముంచండి. మెత్తబడుతుంది. కావలసినట్టు వంచి, అట్లాగే పట్టుకుని చన్నీళ్ళలో పెడితే ఆ వంపు నిలుస్తుంది. మోకాలిమీద కూచుని తుపాకి గురిపెట్టిన సిపాయి ప్రతి ప్యాకెట్టులోనూ ఉంటాడు. అతనే మన రాజు. తుపాకి కోసేసి, వేణ్ణీళ్ళలో చేతులు దించి, తల కొద్దిగా వంచి, పీటమీద కూచోబెడితే బల్లమీద రాస్తున్న మనిషి అవుతాడు. తల వంగకపోతే మెడ దగ్గర కోసి, గుండుసూదితో మళ్ళీ గుచ్చండి. ఈ ప్లాస్టిక్కు మామూలు జిగురుకు అతకదు, సూదే దిక్కు.

రాజుకు గడ్డం పెడతారు గదా, నల్లగా పెట్టండి. బడి ప్రదర్శనల్లో కొందరు ఆయనను ముసలి ఋషిలాగా చేస్తారు. ఆయన 1897 జులై 4న పుట్టాడు. చింతపల్లి ఠాణాలో అడుగు పెట్టేనాటికి పాతికేళ్ళవాడు. 1924 మే 7న చంపేనాటికి ఇరవైఏడు కూడా నిండలేదు. ఒళ్ళంతా కాషాయమూ, వీపున అంబులపొదీ ఉన్న రూపం మన కళ్ళలో నిలిచిపోవటానికి ఊరూరా విగ్రహాలూ, 1974లో వచ్చిన కృష్ణ సినిమా చాలావరకు కారణం. అది భక్తితో చేసిన రూపం. అందులో తప్పు లేదు. కాని మన బొమ్మ పుస్తకం రాస్తున్నది. విల్లు బల్లకు చేరవేస్తే చాలు. ఆయన ఖద్దరు కట్టమనీ, తాగుడు మానమనీ ఊరూరా చెప్పిన మనిషి కనక, గుడ్డకు ఖద్దరు రంగే వేద్దాం.

ఇంకొకటి కూడా తీసెయ్యాలి. కొందరు పిల్లలు కొండవాళ్ళను చెయ్యమంటే తలలో ఈకలు గుచ్చుతారు, ముఖాన తెల్ల గీతలు గీస్తారు. ఆ ఈకలు అమెరికా సినిమాలనుంచి వచ్చినవి. మన్యంవాళ్ళు ఎట్లా ఉంటారో చూడాలంటే అరకులోయలో గిరిజన మ్యూజియం ఉన్నది. నిలువెత్తు బొమ్మలతో ఇళ్ళూ, వంటా, వేటా, థింసా నాట్యమూ చూపించారు. నోటు పుస్తకం తీసుకువెళ్ళి విల్లు మనిషి భుజందాకా వస్తుందా, తలదాకా వస్తుందా చూసి రాసుకోండి. బయట సంతలో కనిపించే వాళ్ళను బొమ్మ గీసుకోవాలనిపిస్తే, మీ ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు ముందు అడగండి. వాళ్ళు మ్యూజియం కాదు. అరకు వైపు పోర్జా, గదబ ఆడవాళ్ళు పెట్టుకునే నగలు చూసి ముచ్చటపడి, వాటిని గూడెం మగవాళ్ళ మెడలో వెయ్యకండి.

ఇప్పటికి మీ సిపాయి దగ్గర టోపీ లేదు, బూట్లు లేవు, పట్టా లేదు, తుపాకి లేదు. చేతిలో చీపురుపుల్ల వంచి చేసిన 48 మిల్లీమీటర్ల విల్లు ఒక్కటే ఉన్నది. ప్యాకెట్టులో మిగిలిన మరో సిపాయిని, మార్చనివాణ్ణి, అతని ఎదుట నిలబెట్టి చూడండి. ఠాణామీద ఎందుకు పడ్డారో అడగక్కరలేదు.

ఇక తుపాకులు. చింతపల్లిలో దొరికినవి 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయినెట్లు, 1390 తూటాలు. వచ్చినవాళ్ళు సుమారు మూడువందలు. మన కొలువులో ముందు వరసకు పదిమంది మన్యంవాళ్ళనూ, ఇద్దరు జవానులనూ చేస్తాం. త్రైరాశికం వెయ్యండి. మూడువందలమందికి పదకొండు తుపాకులయితే పదిమందికి ఎన్ని? మూడోవంతుకు కాస్త పైగా! కృష్ణదేవిపేటలో ఏడు, రాజవొమ్మంగిలో ఎనిమిది దొరికాక మొత్తం 26 అయినై. అప్పుడు కూడా పదిమందికి ఒక తుపాకి నిండదు.

ఇక్కడే ఈ పనిలో అసలు చిక్కు వస్తుంది. పదకొండు తుపాకులూ చేసి పెట్టకపోతే పుస్తకంలో రాసినది అబద్ధమవుతుంది. పెడితేనో, పదిమంది బొమ్మలకు పదకొండు తుపాకులు కనిపించి, తలా ఒకటి వచ్చి ఒకటి మిగిలిందని చూసేవాళ్ళు అనుకుంటారు. నిజానికి ఇరవైఏడుగురికి ఒకటి. మూడువందల బొమ్మలు చెయ్యాలంటే మీ జేబుఖర్చు పదేళ్ళది చాలదు. ఏమి చెయ్యాలి?

దూరాన్ని వాడుకోవాలి. సగం ఎత్తున్న మనిషి రెట్టింపు దూరంలో ఉన్నట్టు కనిపిస్తాడు. కాబట్టి అట్టమీద 27 మిల్లీమీటర్ల ఎత్తున ముప్పైమందిని గీసి కత్తిరించండి. 18 మిల్లీమీటర్ల ఎత్తున ఇంకో అరవైమందిని. వాళ్ళకు ముఖాలు అక్కరలేదు, తలగుడ్డలూ, విల్లు కొనలూ చాలు. ఇప్పుడు ఒక కిటుకు. చదునైన నేలమీద మీతో సమాన ఎత్తున్న గుంపును చూస్తే, దగ్గరవాడి తలా దూరపువాడి తలా ఒకే గీతమీద ఉంటాయి. పాదాలు మాత్రం దూరం పోయేకొద్దీ పైకి వస్తాయి. బడి మైదానంలో ప్రార్థనకు నిలబడ్డప్పుడు చూడండి. కనక 27 మిల్లీమీటర్లవాళ్ళను 27 మిల్లీమీటర్ల ఎత్తు మెట్టుమీద, 18 మిల్లీమీటర్లవాళ్ళను 36 మిల్లీమీటర్ల మెట్టుమీద నిలపాలి. అందరి తలలూ 54 దగ్గర కలుస్తాయి. మళ్ళీ బొమ్మల కొలువు మెట్లే వచ్చినై, చూశారా! మెట్ల అంచులు గడ్డితో కప్పెయ్యండి. ఈ కొలువును పైనుంచి చూడకూడదు. కన్ను బొమ్మల కన్నుకు సమంగా వచ్చేట్టు ఎత్తైన పెట్టెమీద పెట్టాలి, ఒక కన్ను మూసి చూస్తే ఇంకా బాగుంటుంది.

తుపాకులు నాలుగడుగుల పొడుగనుకుంటే ఒక్కొక్కటి 38 మిల్లీమీటర్లు. తల కోసిన గుండుసూది గొట్టం, వెదురు బద్ద ముక్క కట్టె. వాటిని ఎవరి చేతికీ ఇవ్వకండి. నేలమీద చాప పరిచి వరసగా పెట్టండి. ఒకడు వంగి లెక్కపెడుతున్నాడు, రాజు రాస్తున్నాడు, వెనక మెట్లమీద తొంభైమంది చూస్తున్నారు. తూటాలు 1390 చెయ్యనక్కరలేదు, ఒక చిన్న చెక్కపెట్టె చాలు. నేలమీద చింపిన కాగితాలు తప్పక వెయ్యండి. జవానులిద్దరినీ గోడవారగా, తలపాగా తీసి పక్కన పెట్టుకుని కూచున్నట్టు చెయ్యండి. వాళ్ళు వెక్కిరించటానికి పెట్టిన బొమ్మలు కారు. వాళ్ళూ మనవాళ్ళే, జీతానికి వచ్చినవాళ్ళు.

రంగులకు వద్దాం. ప్లాస్టిక్ బొమ్మమీద సరాసరి రంగు వేస్తే రెండో రోజుకే పొరలుగా రాలిపోతుంది. ముందు సబ్బునీళ్ళతో పాత టూత్ బ్రష్షు పెట్టి కడగండి. చేతి జిడ్డు పోవాలి. ఆరాక, నీళ్ళు కలిపిన ఫెవికాల్ పలచగా ఒక పూత వెయ్యండి. అదీ ఆరాక అక్రిలిక్ రంగులు. పోస్టరు రంగులు తడి తగిలితే కరుగుతాయి కనక వద్దు.

బొమ్మను అడుగున్నర దూరంనుంచి చూస్తున్నామనుకోండి. 32తో హెచ్చవేస్తే 48 అడుగులు. అంటే మీ బొమ్మ, 48 అడుగుల దూరాన నిలబడ్డ నిజమైన మనిషి ఎట్లా కనిపిస్తాడో అట్లా కనిపించాలి. మీ స్నేహితుణ్ణి బడి వరండా చివర పదహారు గజాల దూరాన నిలబెట్టి చూడండి. అతని కనుగుడ్డు తెలుపు కనిపిస్తున్నదా? లేదు. కనుబొమ్మల కింద ఒక నీడ గీత కనిపిస్తుంది, అంతే. పెదవుల ఎరుపు కనిపించదు. కాలివేళ్ళు విడివిడిగా కనిపించవు. అందుకే వేళ్ళు చెక్కవద్దన్నాను. కన్ను చెయ్యాలని తెల్ల చుక్కమీద నల్ల చుక్క పెట్టారో, మీ వీరుడు దయ్యాన్ని చూసినవాడిలాగా గుడ్లు మిటకరిస్తాడు. ముదురు గోధుమ రంగుతో ఒక సన్నని గీత గియ్యండి, చాలు.

దూరం రంగును కూడా మారుస్తుంది. మధ్యనున్న గాలీ దుమ్మూ ముదురు రంగును కాస్త వెలవెల పోయేట్టు చేస్తాయి. కొండలు దూరం పోయేకొద్దీ ఆకుపచ్చనుంచి నీలిగా, నీలినుంచి బూడిదగా మారటం అరకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. కాబట్టి ఏ రంగయినా సీసాలో ఉన్నది ఉన్నట్టు వెయ్యవద్దు. నలుపులో చిటికెడు గోధుమ రంగు, తెలుపులో చిటికెడు పసుపూ గోధుమా కలపండి. వెనక మెట్ల బొమ్మలకు ఇంకా వెలవెలగా.

ఒంటి రంగుకు గోధుమ ఎరుపులో కొంచెం పసుపు, అతి కొంచెం నలుపు కలపాలి. పదిమందికీ ఒకే గిన్నెలోది వెయ్యక, ఇద్దరిద్దరికి కాస్త మార్చండి. మీ తరగతిలో అందరిదీ ఒకే చాయా? ఈ పూత ఆరాక అసలు మజా మొదలవుతుంది. ముదురు గోధుమ రంగును టీనీళ్ళంత పలచగా కలిపి ఒంటినిండా పుయ్యండి. అది ఎత్తులమీదనుంచి జారి, ముడతల్లో, చంకల్లో, పక్కటెముకల మధ్య నిలిచి ఆరుతుంది; నీడలు వాటంతట అవే వస్తాయి. తరవాత పాత కుంచెకు కాస్త లేత రంగు అంటించి, కాగితంమీద తుడిచి తుడిచి దాదాపు ఏమీ మిగలనప్పుడు, ఆ పొడి కుంచెతో ముక్కుమీద, భుజాలమీద, మోకాలిమీద మెల్లగా రాయండి. ఎత్తులు వెలుగుతాయి. బొమ్మమీద ముడతలు మరీ నిస్సారం, గదిలో వెలుగు అన్నివైపులనుంచీ పడుతుంది. వాటంతట అవి నీడ పెట్టవు. మనం పెట్టాలి.

నేలకు పెరటి ఎర్రమట్టి జల్లెడ పట్టి ఫెవికాల్ నీళ్ళమీద చల్లండి. వాడేసిన టీపొడి ఎండబెడితే రాలిన ఆకులు. అరకు దారిలో కొండచీపుళ్ళు అమ్ముతారు గదా, వాటి పూగుత్తులు ఈ కొలువుకు దేవుడిచ్చిన వెదురు పొదలు. ఠాణా అంతా కట్టకండి. ఒక గోడ, ఒక గుమ్మం, వరండా చాలు.

కాలం మరచిపోకండి. ఆగస్టు నెల, వానలు. నేల తడిగా, గడ్డి పచ్చగా ఉండాలి, పాదాలకు బురద. అరకు అనగానే పచ్చగా వలిసె చేలు వేద్దామనిపిస్తుంది, కాని అవి పూసేది వానలు వెళ్ళాక. ఇవాళ చింతపల్లి, లంబసింగి దారిలో నిటారుగా వరసలు తీరిన సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ తోటల నీడకోసం తరవాతి కాలంలో పెంచినవి, అవీ వద్దు. కరెంటు స్తంభం సంగతి చెప్పనక్కరలేదు. జీలుగుచెట్టు పెట్టవచ్చు, మామిడి పెట్టవచ్చు.

గంటందొరనూ, మల్లుదొరనూ బల్లకు రెండువైపులా నిలపండి. గంటందొర కూడా 1924లోనే పోరాటంలో ప్రాణం విడిచాడు. మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుదాకా పోయి తిరిగివచ్చాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికల్లో విశాఖపట్నంనుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మీరు బూట్లు కోసి, తలగుడ్డ చుట్టిన ఆ రెండంగుళాల మనిషి ముప్పై ఏళ్ళ తరవాత ఢిల్లీలో పార్లమెంటులో కూచున్నాడన్నమాట! ఆ బొమ్మకు మాత్రం కొంచెం ఎక్కువ ఓపికతో రంగు వెయ్యండి.

చివరికి మిగిలింది పుస్తకం. అడుగు పొడుగు పుస్తకం మన కొలతకు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. దానిమీద అక్షరాలు పట్టవు. పెన్సిలుతో నాలుగు సన్నని గీతలు, కింద ఒక వంకర గీత, అది సంతకం. అక్షరాలన్నీ కొలువు ముందు పెట్టే చీటీలో రాయండి. చింతపల్లి, 22 ఆగస్టు 1922. తుపాకులు 11. కత్తులు 5. బాయినెట్లు 14. తూటాలు 1390.

జిగురు పూర్తిగా ఆరటానికి వానాకాలంలో రెండు రోజులు పడుతుంది, తొందరపడి కదిలించకండి. దుమ్ము పడకుండా పాత చీర ముక్క కప్పి ఉంచండి. వచ్చే నెల ఏటికొప్పాక అంకుడు కర్రా, లక్కా తెచ్చుకుందాం. కొమ్మకు అంటుకున్న లక్క పురుగునుంచి బొంగరంమీది ఎర్రరంగుదాకా చెప్పవలసింది చాలా ఉన్నది.